నిద్ర పట్టే ఇల్లు

లేపాక్షి నుంచి ధర్మవరం దాకా ఊరూరా పేదల కాలనీలు లేచాయి. స్లాబు పడిందా, బిల్లు వచ్చిందా అన్నది అందరూ అడిగారు. ఆ స్లాబు కింద ఏప్రిల్ రాత్రి ఎలా గడుస్తుందో అడిగినవాళ్లు తక్కువ.

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం కింద కండువా దూర్చి చూస్తారు. నాకు మనసు నిలిచేది మాత్రం కల్యాణ మండపం దగ్గర. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ గుడి కట్టించారు. అందులో ఆ మండపం సగంలోనే ఆగిపోయింది. చెక్కిన స్తంభాలు నిలబడ్డాయి గానీ పైన కప్పు వేయలేదు.

ఏప్రిల్ మధ్యాహ్నం నాట్య మండపం నుంచి అక్కడికి నడిచి చూడండి. గుళ్లో కాళ్లకు చెప్పులుండవు కాబట్టి తేడా ముందు అరికాలికి తెలుస్తుంది. డెబ్బై స్తంభాల నాట్య మండపంలో కింద బండ చల్లగా ఉంటుంది, ఎక్కడో ఒక మూల ఎవరో ఒకరు కునుకు తీస్తుంటారు. నాలుగడుగులు బయటికి వేస్తే కాళ్లు కాలి పరుగెత్తాల్సిందే. రాయి అదే, కొండ అదే, ఎండ అదే. తేడా అంతా పైనున్న కప్పుది, దాని అంచున బయటికి సాగి వంగిన కపోతానిది. ఎండ గోడను తాకకముందే దాన్ని ఆపాలని ఆ శిల్పులకు తెలుసు. ఆ కపోతాన్నే మన మేస్త్రీలు సజ్జ అంటారు.

ఐదువందల ఏళ్ల కిందట దేవుడికి కట్టిన ఇంట్లో పాటించిన ఆ చిన్న సంగతి, ఇవాళ పేదవాడికి కడుతున్న ఇంట్లో ఎందుకు కనపడదన్నదే ఈ వారం ముచ్చట.

కాలనీ దారి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఏ మండలానికి వెళ్లినా ఊరి చివర కాలనీ కనపడుతుంది. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో 30 లక్షలకు పైగా కుటుంబాలకు ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు స్థలం, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. మొదటి విడతలో 15.6 లక్షల ఇళ్లు తలపెట్టారు, యూనిట్ విలువ 1.80 లక్షల రూపాయలు. ఆ సొమ్ముతో ఇల్లు పూర్తవదని పునాది తీసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. మిగతాది అప్పు చేసి, పుస్తెలు తాకట్టు పెట్టి, సొంత చేతులతో రాళ్లు మోసి పూడ్చుకున్నారు. తర్వాత ప్రభుత్వం మారింది. సగంలో ఆగిన ఇళ్లకు 2025లో ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీ కుటుంబాలకు 75 వేలు అదనంగా ఇస్తామన్నారు. పథకాల పేర్లు మారుతూ వచ్చాయి, ఇంటి నమూనా మాత్రం ఉన్నచోటే ఉంది. నాలుగు గోడలు, పైన నాలుగైదు అంగుళాల స్లాబు, ఆ స్లాబు మీద ఆకాశం.

స్లాబు ఇంటిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. బోద కొట్టంలో పుట్టి పెరిగినవాళ్లకు స్లాబు అంటే ఏమిటో కొట్టంలో బతకనివాళ్లకు అర్థం కాదు. ఒక్క నిప్పురవ్వకు వీధి వీధంతా బూడిదైన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్నో. వాన పడితే గిన్నెలన్నీ నేల మీద పరవాల్సి వచ్చేది. తేళ్లు, పాములు, చెదలు సరేసరి. 1979లో రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ వచ్చింది, ఆ తర్వాత ఎన్టీఆర్ కాలపు పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు. వీటన్నిటి వెనకా ఉన్న కోరిక ఒకటే: కాలని ఇల్లు, కారని ఇల్లు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా 'స్లాబు ఇల్లేనా' అని అడుగుతారు. అది గౌరవం. ఆ గౌరవాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు.

కాకపోతే కాలకుండా, కారకుండా ఉన్న ఆ ఇల్లే ఎండాకాలం రాత్రి ఉడుకుతోంది. పగలంతా మింగిన వేడిని స్లాబు చీకటి పడ్డాక లోపలికి కక్కడం మొదలుపెడుతుంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు మంచం మీద పడుకుని చెయ్యి పైకి చాస్తే సెగ తగులుతుంది. ఫ్యాను వేస్తే ఆ సెగే ముఖం మీదికి దిగుతుంది. బయటేమో గాలి చల్లబడి ఉంటుంది. హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న ఊరు, ఇక్కడ రాత్రులు దయగలవి. ఆ దయ వీధి దాకా వచ్చి వాకిట్లో ఆగిపోతుంది.

అప్పుడు ఇంట్లో మగవాళ్లు మంచం ఎత్తుకుని వీధిలో వేసుకుంటారు. బాలింత, వయసొచ్చిన ఆడపిల్ల, లేవలేని ముసలామె లోపలే ఉండిపోతారు. ఇంటి వేడి అందరికీ సమానంగా తగలదు. పట్టా ఎవరి పేరున ఇచ్చారో వాళ్లే ఆ వేడిలో పడుకుంటున్నారు. ఈ పట్టాలు ఆడవాళ్ల పేరునే కదా ఇచ్చింది.

మిద్దె నేర్చిన విద్య

మా అవ్వ ఇల్లు చౌడు మిద్దె. మూరెడు మందం రాతి గోడలు, మట్టి అడుసుతో పేర్చినవి. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆకు, ఆ పైన అడుగు మందం మట్టి, అన్నిటికీ పైన చౌడు. వానాకాలం ముందు గంపలతో కొత్త చౌడు తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కేవాళ్లం. పైకప్పులో ఒక గవాక్షి. వెలుతురు అందులోంచి నిలువుగా దిగేది, పొయ్యి పొగ దాన్లోంచే పైకి పోయేది. మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చి గడప దాటితే, కుండలో నీళ్లు ముఖాన చల్లినట్టుండేది. "ఏం నాయనా, ఎండన పడొచ్చినావా, ఇట్ల కూసో," అని అవ్వ చాప వేసేది. ఆ చాప మీద పడుకుంటే ఎప్పుడు నిద్ర పట్టేదో తెలిసేది కాదు.

ఆ మిద్దెలో ఏ మాయా లేదు. మట్టి, రాయి బరువైనవి, మందమైనవి. వేడి వాటిలోంచి నెమ్మదిగా నడుస్తుంది. మధ్యాహ్నపు ఎండ కప్పు పైనుంచి లోపలికి చేరేసరికి రాత్రి గడిచిపోతుంది, ఈలోగా తలుపు, గవాక్షి తెరిచి ఉంటే చల్లగాలి ఇంటిని కడిగేస్తుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటుకు అంత ఓపిక లేదు. మధ్యాహ్నం తీసుకున్న వేడిని కొన్ని గంటల్లోనే అడుగుకు చేరుస్తుంది, సరిగ్గా మనం అన్నం తిని పడుకునే వేళకు. పెనుకొండ గగనమహల్‌లోనైనా, లేపాక్షి చుట్టుపక్కల రాతి దూలాల మీద పలకబండలు పరిచి కట్టిన బండల మిద్దెల్లోనైనా జరిగేది మా అవ్వ ఇంట్లో జరిగిందే. రాజు ఇంటికీ కూలివాడి ఇంటికీ ఎండను ఓర్చే సూత్రం ఒకటే ఉండేది.

చౌడు మిద్దెకు తిరిగి వెళ్దామని నేననడం లేదు. ముసురు పట్టి మూడు రోజులు వదలకపోతే గోడలు నాని, నిద్రలో కుటుంబాల మీద కూలిన మిద్దెలు ఈ సీమలో ప్రతి వానాకాలం వార్తే. ఏటేటా చౌడు మోసే మనుషులు లేరు, దంతెలకు కట్టె లేదు. మా మిద్దె కూడా ఇప్పుడు లేదు, ఆ స్థలంలో స్లాబే ఉంది. మిద్దె పోవడం నష్టం కాదు. మిద్దెతో పాటు అది నేర్చిన విద్య పోవడమే నష్టం.

చలిదేశం కొలత, మన కొలత

ఇంటికీ ఒక కొలమానం ఉండాలన్న మాట ప్రపంచంలో గట్టిగా వినపడింది 1991లో. జర్మనీలోని డార్మ్‌స్టాట్ ఊళ్లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కట్టిన వరస ఇళ్లతో 'పాసివ్ హౌస్' పద్ధతి మొదలైంది. చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి వేడి పెట్టాల్సిన అవసరం లేకుండా ఇల్లు కట్టాలన్నది దాని నియమం. గోడ మందం, కిటికీ తీరు, గాలి చొరబడని అతుకులు, అన్నీ దానికి లోబడాల్సిందే. మొదట్లో అది డబ్బున్నవాళ్ల సరదాగా కనపడింది. తర్వాత ఇంగ్లండులో నార్విచ్ నగరపాలక సంస్థ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో తక్కువ అద్దె ఇళ్లు 105 అదే ప్రమాణంతో కట్టింది. 2019లో ఆ దేశపు అత్యున్నత వాస్తు పురస్కారం స్టర్లింగ్ ప్రైజ్ ఆ వీధికే దక్కింది. పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లకు ఆ బహుమతి రావడం అదే మొదలు.

ఆ వీధిలో నన్ను ఆకట్టుకున్నది బహుమతి కాదు, ఉత్తరాల పెట్టె. తలుపుకు బెజ్జం పెడితే చలిగాలి దూరుతుందని పెట్టెను తలుపు నుంచి తీసి బయట పెట్టారు. చలికాలపు వాలు ఎండ ఎదుటి వరస ఇంటి కిటికీకి అందాలని కప్పుల వాలు తగ్గించారు. అద్దెకుండే పేదవాడి ఇంట్లో వెచ్చదనం ఎక్కడ జారిపోతుందోనని అంత పట్టింపు! మనకు కావాల్సింది వాళ్ల ఇల్లు కాదు, ఆ పట్టింపు. వాళ్లు ఎండను ఇంట్లోకి పిలవడానికి లెక్కలు వేశారు, మనం గుమ్మం దగ్గరే ఆపడానికి వేయాలి.

అయితే ఒకచోట మనం వాళ్ల కొలతను అలాగే తెచ్చుకుంటే మోసపోతాం. వాళ్లు యూనిట్లలో కొలుస్తారు. మన పేద ఇంట్లో ఆదా చేయడానికి యూనిట్లేవి? లెక్క వేసి చూద్దాం. కాలనీ ఇళ్లలో ఒక్కోదానికి నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, రెండు ట్యూబులైట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు ఇవ్వాలని అప్పట్లో రాష్ట్రం నిర్ణయించి, 2023లో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్‌తో ఒప్పందం చేసుకుంది. మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రెండు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు మిగిలేది 32 యూనిట్లు. యూనిట్ మూడు రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి అది వంద రూపాయల లోపు. 200 యూనిట్ల దాకా ఉచితం వర్తించే ఎస్సీ, ఎస్టీ ఇంటికి ఆ వందా మిగలదు.

అదే లెక్కను 15.6 లక్షల ఇళ్లకు వేస్తే వేరే సంగతి కనపడుతుంది. ఒక్కో ఇంట్లో రెండు ఫ్యాన్లు ఒకేసారి తిరిగే వేళ మిగిలేది 140 మెగావాట్లు. మన జిల్లాలోనే ఎన్‌పీ కుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పెట్టింది. దాని సామర్థ్యంలో సగానికి పైగా అన్నమాట, అదీ రాత్రిపూట, సూర్యుడు లేని వేళ. కాబట్టి పొదుపు ప్రమాణాల వల్ల గ్రిడ్డుకు లాభం ఉంది, రాష్ట్రానికి ఉంది. ఇంట్లో ఉండే మనిషికి దక్కాల్సిన లాభం మాత్రం యూనిట్లలో లేదు. ఎన్ని రాత్రులు ఇంట్లో నిద్ర పట్టిందన్నదే ఆ మనిషి లెక్క. పేదవాడి ఇంటి ప్రమాణాన్ని ఆ లెక్కతోనే రాయాలని నా వాదన.

రామగిరి గుట్టల మీద గాలిమరలు మూడు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. ఎన్‌పీ కుంటలో పలకలు ఎండను కరెంటు చేస్తున్నాయి. ఎండనూ గాలినీ ఇంత చక్కగా లెక్కగట్టి వాడుకున్న జిల్లా, ఆ రెండింటినీ తన పేదల ఇంటి కప్పు దగ్గర, కిటికీ దగ్గర లెక్కలోకి తీసుకోలేదు.

పన్నెండు సెంట్ల గీత

చట్టం లేదా అంటే ఉంది. 2018 డిసెంబరులో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి తెచ్చింది. నివాస భవనాల గోడలు, కప్పు, కిటికీలు ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో అది అంకెల్లో చెబుతుంది. కప్పు సంగతే తీసుకుందాం. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. మన కాలనీల వట్టి స్లాబు గుండా దిగేది దాదాపు దానికి మూడు రెట్లు.

మరి ఆ స్లాబులు నియమం తప్పినట్టా? కాదు. ఎందుకంటే ఆ నియమం 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే భవనాలకే వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లంటే పన్నెండు సెంట్లకు పైనే. సెంటున్నరలో ఇల్లు కట్టుకున్నవాడు ఆ గీతకు ఎంతో కింద ఉన్నాడు. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం కూడా 100 కిలోవాట్ల లోడున్న భవనాల నుంచే మొదలవుతుంది. రెండు ఫ్యాన్లు, ఆరు దీపాలున్న ఇంటికి, దానికి ఎంత దూరం!

ఈ గీత గీసినవాళ్ల ఆలోచన నాకు అర్థమవుతుంది. ఎక్కువ కరెంటు వాడేది పెద్ద భవనాలు కాబట్టి ముందు వాటిని పట్టుకోవాలనుకున్నారు. కరెంటును బట్టి చూస్తే అది సబబే. మనిషిని బట్టి చూస్తే తలకిందులు. పన్నెండు సెంట్లలో కట్టుకున్నవాడి కప్పు ఎంత వేడెక్కినా గోడకు ఏసీ ఉంటుంది. సెంటున్నరవాడికి కప్పే ఏసీ, కప్పే కూలరు. కూలరు కొనుక్కోరాదా అంటారా? కూలరుకు నీళ్లు పోయాలి. బిందె నీళ్ల కోసం ట్యాంకరు వెంట పరుగెత్తిన హిందూపురం జనాన్ని అడగండి, ఎండాకాలం కూలరుకు నీళ్లు పోయడమంటే ఏమిటో చెబుతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కాలనీ ఇళ్లలో ఈ సంహిత సూత్రాలు పాటించేందుకు ఇండో-స్విస్ భవన ఇంధన సామర్థ్య ప్రాజెక్టు సాయం తీసుకుంటామని రాష్ట్రం ముందుకొచ్చింది. దేశంలో పేదల ఇళ్ల విషయంలో అంత పెద్ద ఎత్తున ఆ మాట అన్న రాష్ట్రాలు ఎక్కువ లేవు. అదే ప్రాజెక్టు సాయంతో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో 'స్మార్ట్ ఘర్' పేరుతో 1,176 పేదల ఫ్లాట్లు కట్టారు. గోడలకు తేలికైన ఏఏసీ దిమ్మెలు వాడారు, గాలి పైకి లాగే షాఫ్టులు పెట్టారు. నడి వేసవిలో గది వేడి ఐదు డిగ్రీలకు పైగా తగ్గేలా వాటి రూపకల్పన జరిగింది. అంటే ఇది చేతకాని పని కాదు, ఎక్కడో విదేశంలో జరిగే వింతా కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన సొమ్ముతోనే మన దేశంలో జరిగింది. మన దగ్గర ఆలోచన కాగితం మీదికి ఎక్కింది, ఫ్యాన్ల దాకా వచ్చింది, కప్పు దాకా ఎక్కలేదు.

మగ్గం గుంత

ధర్మవరంలో ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు, కూడు పుట్టే చోటు కూడా. ముందు గదిలో గుంత మగ్గం, గుంతలో కాళ్లు పెట్టుకుని నేత. ఇంటిల్లిపాదీ, కండెలు చుట్టే పిల్లతో సహా, ఆ గది చుట్టూనే బతుకుతారు. నేలలో గుంత తీసి మగ్గం పెట్టడంలో ఒక మర్మముంది. నేల చెమ్మ పడుగును పట్టి ఉంచుతుంది. గాలి మరీ పొడిబారి వేడెక్కితే పట్టు పోగు పెళుసెక్కి తెగుతుంది. తెగిన ప్రతి పోగూ అతకాలి, అతికిన ప్రతిసారీ చీర ఆలస్యమవుతుంది. ఫ్యాను గట్టిగా వేసుకుందామంటే పోగులు ఎగురుతాయి. నేతగాడి ఇంట్లో వేడికి ధర ఉంది, ఆ ధర కూలిలోంచే పోతుంది.

ఇలాంటి పట్టణాల్లో ప్రభుత్వం కట్టించినవి టిడ్కో ఇళ్లు. కింద అంతస్తు, పైన మూడు అంతస్తులు, 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు. గోడలు, స్లాబు అన్నీ ఒకేసారి అచ్చులో పోసే షియర్‌వాల్ పద్ధతి. త్వరగా లేస్తాయి, గట్టిగా నిలుస్తాయి, సందేహం లేదు. అయితే కాంక్రీటు గుండా వేడి ఇటుక కంటే దాదాపు రెట్టింపు వేగంతో నడుస్తుంది. అంటే ఈ ఇళ్లలో కప్పుతో పాటు నాలుగు గోడలూ స్లాబులే. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇక రెండో అంతస్తులో గుంత ఎక్కడ తవ్వుతారు? నేలచెమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఆ ఊళ్లో ఆ ఇంటి బొమ్మ గీసేటప్పుడు ఒక్క మగ్గం గదిలోనైనా గంటసేపు కూర్చుని ఉంటే గీత మరోలా పడేది. నేత కుటుంబాలకు నేల మీద ఇల్లు, మందమైన కప్పు, ఉత్తరం వెలుతురు కావాలి. ఇది కోరిక కాదు, పనిముట్టు.

దగ్గర్లోనే ఉన్న పాఠాలు

ఈ సీమకు బయటినుంచి ఎవరో వచ్చి నేర్పాల్సిన అవసరం లేదు. ధర్మవరానికి దగ్గర్లో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తన ఇళ్లను మట్టితోనే, నీడతోనే కట్టుకుంది. ఎండిపోయిన గుట్టల నడుమ మట్టి గోడలు ఎంత చల్లగా ఉండగలవో అక్కడికి వెళ్లినవాళ్లు చూశారు. 1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ ఈ జిల్లాల్లో దళిత, గిరిజన కుటుంబాలకు వేల ఇళ్లు కట్టి ఆడవాళ్ల పేరున ఇచ్చింది. ఊరి మనుషుల చేతనే ఊరి ఇల్లు కట్టించడం ఎలాగో ఆ పని చూపించింది.

కొండ దాటితే బెంగళూరు. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అమూల్య కుమార్ ఎన్. రెడ్డి 'అస్త్ర' అనే విభాగం మొదలుపెట్టారు. పల్లెకు పనికొచ్చే శాస్త్రం చేయాలన్నది దాని ఉద్దేశం. కె.ఎస్. జగదీశ్, ఆయన సహచరులు మట్టిలో కాస్త సిమెంటు కలిపి యంత్రంతో ఒత్తి దిమ్మెలు చేశారు. కాల్చనక్కర్లేదు, వానకు కరగవు, గోడ మందంగా వస్తుంది. వాళ్ల ప్రయోగాలకు వేదికైన ఉంగ్ర గ్రామం తుమకూరు జిల్లాలో ఉంది. మన మడకశిరకు పొరుగు జిల్లాయే. అదే ఎర్రమట్టి, అదే వాన, సరిహద్దుకు అవతల కాబట్టి మన ఇంజినీర్ల ఎస్టిమేట్లలోకి రాలేదు.

ఇటుకలతోనే కట్టాలనుకున్నా మార్గముంది. కేరళలో లారీ బేకర్ పేదల ఇళ్లకు వాడిన ర్యాట్‌ట్రాప్ బాండ్ మన మేస్త్రీలకు రెండు రోజుల్లో పట్టుబడుతుంది. ఇటుకను పడుకోబెట్టకుండా నిలువునా పేరుస్తూ మధ్యలో ఖాళీ వదిలితే గోడ మందం తగ్గదు, ఇటుకల్లో సుమారు పావు వంతు మిగులుతాయి, ఖాళీలో చిక్కుకున్న గాలి వేడికి అడ్డు నిలుస్తుంది. స్లాబు అడుగు భాగంలో పాత మంగళూరు పెంకులు కూర్చి పోస్తే కాంక్రీటూ ఆదా, కొంత చలవ. ఇవన్నీ ఖర్చు పెంచేవి కావు, తగ్గించేవి.

కాకపోతే కట్టేసిన ఇళ్ల సంగతేమిటి? గోడలు కూల్చి మళ్లీ కట్టలేం కదా. ఇక్కడే మాట మళ్లీ కప్పు దగ్గరికి వస్తుంది. ఒంటి అంతస్తు ఇంటికి ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఇంట్లో చేరే వేడిలో పెద్ద వాటా పైనుంచే దిగుతుంది. ఆ కప్పును తెల్లగా చేస్తే పడిన ఎండలో చాలా భాగం పడిన చోటినుంచే వెనక్కి పోతుంది. హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు, పొర లేని ఇళ్లకంటే లోపల సగటున రెండు డిగ్రీలు తక్కువ నమోదైంది. ఆ అనుభవంతో తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ప్రభుత్వం పేదలకు కట్టే ఇళ్లన్నిటికీ, ఎంత చిన్నవైనా సరే, చల్లని కప్పు తప్పనిసరి అంది. అక్కడ పేదవాడి ఇంటిని గీతకు పైన పెట్టారు. ఆ ఒక్క వాక్యం కోసం ఆ విధానాన్ని మెచ్చుకోవాలి.

రెండు డిగ్రీలు ఏపాటి అంటారేమో. ముప్పై ఆరులో పట్టని నిద్ర ముప్పై నాలుగులో ఫ్యాను కింద పడుతుంది. పాలు తాగే బిడ్డ ఒంటి మీద చెమటకాయలు లేవాలో వద్దో ఆ రెండు డిగ్రీలే తేలుస్తాయి.

బిల్లుతో పాటు ఒక గీటు

ఇంటి సొమ్ము విడతలుగా వస్తుంది. బేస్‌మెంట్ బిల్లు, రూఫ్ లెవెల్ బిల్లు, స్లాబు బిల్లు. ప్రతి విడతకూ గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్ వచ్చి ఫోటో తీసి, కొలత చూసి సంతకం పెడతాడు. 2019 అక్టోబరు నుంచి ఈ మనుషులు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఎకో నివాస్ సంహితను అమలు చేయడానికి దేశంలో మరే రాష్ట్రానికైనా ఇంత దగ్గరి చెయ్యి ఉందా? ఆ చెక్‌లిస్టులో నాలుగే నాలుగు గీట్లు చేర్చమని అడుగుతున్నాను. కిటికీ మీద, పడమటి గోడ మీద సజ్జ ఉందా. ఎదురెదురుగా గాలి ఆడే రెండు తెరుపులు ఉన్నాయా. కప్పు కింద, గోడ పైభాగంలో వేడి పోవడానికి వెంటిలేటరు ఉందా. స్లాబు మీద తెల్లటి పూత పడిందా. లేవని బిల్లు ఆపొద్దు, అది పేదవాడిని రెండోసారి శిక్షించడం. ఉంటే కొంత అదనంగా ఇవ్వండి. సొమ్ము ఎంత చిన్నదైనా, దాని కోసం మేస్త్రీ దగ్గరికెళ్లి సజ్జ వేయమని అడిగే ధైర్యం ఆ ఇంటి ఇల్లాలికి వస్తుంది.

కొత్త లేఅవుట్లు గీసేటప్పుడు వరసల దిశ చూడాలి. పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగితే ఉదయం, సాయంత్రం వాలు ఎండ పొట్టి గోడలకే తగులుతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పట్టని సందు వదిలి కిటికీ పెడితే అది కిటికీ కాదు, గోడకు బొమ్మ. రోడ్డు పక్కన కానుగ, వేప నాటి, మూడు వేసవులు నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో రాసి పెట్టాలి. అనంతపురం మట్టిలో కానుగ బతికినంత మొండిగా మరేదీ బతకదు.

ఇప్పటికే ప్రధానమంత్రి సూర్యఘర్ కింద ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల సౌర పలకలు ఉచితంగా పెడతామని రాష్ట్రం చెప్పింది. పలక పెట్టడానికి ఎవరైనా ఆ కప్పు ఎక్కుతారు. ఎక్కినవాళ్లు పలక చుట్టూ మిగిలిన చోట తెల్లపూత కూడా వేసి దిగితే ఒకే కూలీతో రెండు పనులవుతాయి. పలక కింద పడే నీడ కూడా కప్పుకు చలువే.

అన్నిటికంటే ముందు ఆ పన్నెండు సెంట్ల గీత దిగాలి. తమ దగ్గరి పరిస్థితిని బట్టి ఆ హద్దును తగ్గించుకునే వెసులుబాటు సంహిత రాష్ట్రాలకు ఇచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టే ఏ ఇంటికైనా, స్థలం ఎంతైనా, కప్పు నియమం వర్తిస్తుందని ఒక్క ఉత్తర్వు చాలు.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 340 చదరపు అడుగుల స్లాబుకు రెండు పూతలు వేయడానికి ఒక్క బస్తా సున్నం సరిపోతుంది, అందులో కాస్త బంక కలిపితే వానాకాలం దాకా పట్టుకుంటుంది. మార్చిలో ఊడ్చి, తడిపి, సాయంత్రం పూట వేయాలి. లేపాక్షి మండలంలో ఏదో ఒక కాలనీలో, ఒక వరస ఇళ్లకు వేసి, ఎదుటి వరసను అలాగే వదిలి, రెండు వరసల్లోనూ గోడకు ఒక్కో థర్మామీటరు తగిలించండి. మే నెలాఖరున ఆ అంకెలు సచివాలయం బోర్డు మీద రాయండి. కలెక్టరుగారూ, హౌసింగ్ అధికారులూ, యువజన సంఘాలూ, బడి సైన్స్ మాస్టర్లూ, ఈ పని మీలో ఎవరు మొదలుపెట్టినా సరే. వచ్చే మార్చి లోపు మొదలుపెట్టండి.